అంజనం నుంచి జర్నల్ దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పారాసైకాలజీ (టెలిపతీ లాంటి అతీంద్రియ అనుభవాలను పరీక్షించే రంగం) మీద చిన్న వ్యాసం వేశాక కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. అతీంద్రియ శక్తులు ఉన్నాయా లేవా తేల్చి చెప్పమన్నవాటిని పక్కన పెట్టాం. పరీక్ష ఎట్లా పెట్టాలి, పేపర్ ఎట్లా రాయాలి, ఎక్కడికి పంపాలి అని అడిగినవాటికే ఇక్కడ జవాబులు.

కడప నుంచి ఎం.ఏ. సైకాలజీ విద్యార్థిని: నాకు టెలిపతీ మీద పరిశోధన చేయాలనుంది. మా సార్ "అట్లాంటివి ఏ జర్నలూ వేసుకోదమ్మా, కెరీర్ పాడైపోతాది" అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. వేసుకునే జర్నళ్ళు నూట నలభై ఏళ్ళుగా ఉన్నాయి. లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రిసెర్చ్ 1882లో పుట్టింది, 1884 నుంచి దాని జర్నల్ వస్తోంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ వాళ్ళు 1937లో జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ మొదలుపెట్టారు. 1987లో జర్నల్ ఆఫ్ సైంటిఫిక్ ఎక్స్‌ప్లొరేషన్ వచ్చింది. ఇవన్నీ పీర్ రివ్యూ ఉన్నవే, అంటే అదే రంగం తెలిసిన రివ్యూయర్లు చదివి చూశాకే వేసేవి. ఈ రంగంవాళ్ళ సంఘం పారాసైకలాజికల్ అసోసియేషన్ 1957లో ఏర్పడితే, 1969లో దానికి అమెరికన్ సైన్స్ సంఘం అనుబంధ సభ్యత్వం ఇచ్చింది. అంతదూరం ఎందుకు, ఆంధ్రా యూనివర్సిటీలో 1967లోనే సైకాలజీతో పాటు పారాసైకాలజీ శాఖ పెట్టారు. దాన్ని నిలబెట్టిన కె. రామకృష్ణారావు గారు రైన్ దగ్గర పనిచేసి వచ్చినవారు, తర్వాత అక్కడి సంస్థకే డైరెక్టరయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి మీ సార్‌తో చెప్పండి.

మిగతా సగంలో మీ సార్ మాట వినాల్సిందే. ఈ జర్నళ్ళలో వచ్చిన పేపర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ప్రతిసారీ అనుకూలంగా పనిచేయదు. అందుకని ఒకే అంశాన్ని రెండుగా విడదీసుకోండి. "ఎవరో తలచుకుంటే నాకు తెలిసింది" అన్న అనుభవం ఎంతమందికి కలుగుతుంది, ఎట్లాంటి పరిస్థితిలో కలుగుతుంది, దాన్ని వాళ్ళు ఎట్లా అర్థం చేసుకుంటారు అన్నది మామూలు సైకాలజీ ప్రశ్న. సర్వే, ఇంటర్వ్యూలు చేసి రాస్తే మామూలు సైకాలజీ జర్నళ్ళు తీసుకుంటాయి. నిజంగా సమాచారం అందుతోందా అన్నది వేరే ప్రశ్న, దానికి ప్రయోగం కావాలి, అది పైన చెప్పిన జర్నళ్ళకు పోవాలి. రెండూ ఒకే పేపర్లో కలిపితే ఇద్దరు ఎడిటర్లూ తిప్పి పంపుతారు.

కళ్యాణదుర్గం నుంచి హైస్కూల్ టీచర్: జీనర్ కార్డులు అట్టముక్కలతో సొంతంగా చేసి, తొమ్మిదో తరగతి పిల్లలు 60 మందికి ఒక్కొక్కరికీ విడిగా 25 కార్డుల పరీక్ష పెట్టాను. ఒకమ్మాయికి 10 సరిపోయాయి. ఇది పేపర్‌కు పనికొస్తాదా?

ఈ రూపంలో పనికిరాదు. లెక్క చూడండి. జీనర్ కట్టలో వృత్తం, కూడిక గుర్తు, అలలు, చదరం, నక్షత్రం అని ఐదు గుర్తులు, ఒక్కోటి ఐదేసి కార్డులు. ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి, ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే ఎడం) సుమారు 2. ఒక మనిషికి 10 లేదా అంతకుమించి రావడం నూటికి రెండుసార్ల లోపే, అంటే సుమారు 1.7 శాతం. కానీ మీరు అడిగింది 60 మందిని. అంతమందిలో ఒక్కరికైనా 10 రావడానికి 65 శాతం దాకా అవకాశం ఉంది. ఎవరికి వస్తుందో ముందు తెలియదు, ఎవరో ఒకరికి రావడం మాత్రం మామూలే.

ఆ అమ్మాయికి పరీక్ష కొత్తగా మొదలుపెట్టండి. మొదట వచ్చిన 10ని లెక్కలో కలపొద్దు, అది ఆమెను ఎంచుకోవడానికి వాడుకున్నదే. రోజుకు నాలుగు విడతల చొప్పున పది రోజులు, మొత్తం 1,000 ఊహలు అని ముందే కాగితం మీద రాసుకోండి. ఊహకు 200 వస్తాయి, విచలనం 12.65. 230 లేదా పైన వస్తేనే చెప్పుకోదగ్గదని ఇప్పుడే రాసుకోండి, ఊరికే అన్ని రావడం సుమారు నూటికి ఒకసారి.

మీ కార్డుల దగ్గరే అసలు చిక్కుంది. అట్టమీద స్కెచ్ పెన్నుతో గీస్తే వెనక్కి మచ్చ దిగుతుంది. వారం వాడేసరికి మూలలు నలిగి, ఏ కార్డు ఏదో పిల్లలకు తెలియకుండానే గుర్తుండిపోతుంది. రైన్ కాలంలో అచ్చువేసి అమ్మిన కార్డుల్లోనే వెనకవైపు నుంచి గుర్తు ఆనవాలు పడుతోందని 1930లలో విమర్శ వచ్చింది. టీచర్ కళ్ళద్దాల్లో కార్డు నీడ పడటం మరొకటి. ఇంకో పొరపాటు చాలామంది గమనించరు: ప్రతి ఊహకూ "సరే", "కాదు" అని చెప్పేస్తే, ఒక్కో గుర్తు ఐదేనని తెలిసిన పిల్లలు పేకాటలో లాగా మిగిలినవి లెక్కపెట్టుకోగలరు. కాబట్టి కార్డులు వదిలేసి, కంప్యూటర్ తీసిన యాదృచ్ఛిక జాబితా వాడండి. ప్రతి ఊహా ముందుదానితో సంబంధం లేకుండా ఉండాలి, జాబితా పట్టుకున్న మనిషి వేరే గదిలో ఉండాలి, ఫలితం రోజు చివరన మాత్రమే చెప్పాలి. తరగతి మొత్తానికి ఒకే జాబితా పెట్టే పనైతే ఆ ఊహలు ఒకదానికొకటి స్వతంత్రం కావు, చాలామంది పిల్లలు మొదట ఒకే గుర్తు అనొచ్చు, లెక్క తప్పుతుంది.

తొమ్మిదో తరగతి పిల్ల కాబట్టి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, పిల్ల సొంత అంగీకారం రెండూ కావాలి. హెడ్మాస్టర్ ఒప్పుకున్నారన్నది చాలదు.

ఆదోని నుంచి ముగ్గురు లెక్చరర్లు: మా దగ్గర పల్లెలో ఒకాయన తమలపాకు మీద అంజనం రాసి, పోయిన వస్తువు ఎక్కడుందో చెప్తాడు. పదిట్లో ఎనిమిది సరిగ్గా చెప్తాడని ఊరంతా అంటుంది. పరీక్షకు ఆయన ఒప్పుకున్నాడు. జర్నల్ తప్పు పట్టకుండా ఎట్లా పెట్టాలి?

మంచి అవకాశం, తొందరపడి పాడుచేసుకోకండి. పరీక్షకు ముందు ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, ఆయన చెప్పేది ఆయన మాటల్లోనే రాసుకోండి. ఎట్లాంటి వస్తువు చెప్పగలడు, ఎంత దూరంలో ఉన్నది, ఒక్కో చూపుకు ఎంతసేపు పడుతుంది, ఏ రోజు కుదరదు, అంజనంలోకి తనే చూస్తాడా ఇంకెవరితోనైనా చూపిస్తాడా, పక్కన ఎవరు ఉండకూడదు. అమావాస్య, మైల, ఉపవాసం లాంటి షరతులన్నీ ముందే పత్రంలోకి ఎక్కించండి. ఆ షరతులు మీకు అర్థంలేనివిగా అనిపించినా పాటించండి. ఫలితం వచ్చాక కొత్త షరతు పుడితే అప్పుడు దానికి విలువ ఉండదు. చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి.

ఒకే అంగట్లో ఒకే సైజు మూతల స్టీలు డబ్బాలు ఐదు కొనండి. వస్తువు ఆయన చెప్పిందే పెట్టండి, వెండి ఉంగరం అనుకుందాం. దాన్ని దూదిలో చుట్టి ఒక డబ్బాలో పెట్టి, మిగతా నాలుగింట్లో అంతే బరువు ఇనుప వాషర్లు దూదిలో చుట్టి పెట్టండి. బంగారం కొట్లో తూకం వేయించుకుంటే గ్రాము తేడా లేకుండా కుదురుతుంది. డబ్బాలు కదిలిస్తే చప్పుడు రాకూడదు. ప్రతిసారీ ఐదు మూతలూ తీసి, ఐదూ తుడిచి, ఐదూ మూయాలి. ఉంగరం పెట్టిన డబ్బా ఒక్కదాన్నే ముట్టుకుంటే దాని మీద వేలి మరకలు, చెదిరిన దుమ్ము ఉంటాయి. అంజనం చూసే కళ్ళు అవి కూడా చూస్తాయి.

మీరు ముగ్గురున్నారు కాబట్టి పనులు మూడుగా పంచుకోవచ్చు. ఒకరు ఊళ్ళోకే రారు. ఆయన కంప్యూటర్‌తో 1 నుంచి 5 దాకా 50 యాదృచ్ఛిక అంకెలు తీసి, ఒక్కోదాన్ని అల్యూమినియం రేకులో మడిచి 50 కవర్లలో సీలు వేసి పంపుతారు. రేకు ఎందుకంటే మామూలు కవరును దీపానికి ఎదురుగా పెడితే లోపలి అంకె కనిపిస్తుంది. రెండోవారు గదిలోకి ఒంటరిగా పోయి కవరు తెరిచి, ఆ అంకె డబ్బాలో ఉంగరం పెట్టి, వెనక తలుపు నుంచి బయటికి పోతారు, అంజనం చూసే ఆయనకు ఎదురుపడరు. మూడోవారు అప్పుడు ఆయన్ను ముందు తలుపు నుంచి తీసుకొస్తారు. ఉంగరం ఎక్కడుందో ఈ మూడోవారికి తెలియకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మిగతావన్నీ ఉన్నా పేపర్ నిలవదు. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కూడికలు చేస్తుందని లోకమంతా నమ్మితే, ఎదురుగా నిలబడ్డ మనిషి తల కదలికను బట్టి అది డెక్క కొట్టడం ఆపుతోందని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ చూపించాడు. ఆ మనుషులు మోసగాళ్ళు కారు, తల కదిలిస్తున్నామని వాళ్ళకే తెలియదు.

ఆయన "మూడో నాలుగో" అంటే ఏం చేస్తారు? ఒక్క అంకె చెప్పేదాకా ఆగాలని, "ఇదే నా మాట" అన్నాక దాన్ని మార్చకూడదని ముందే రాసుకోండి. చెప్పిన అంకెను పేజీ నంబర్లున్న కుట్టిన నోటు పుస్తకంలో పెన్నుతో రాసి, ఫోన్ వీడియోకు వినపడేలా చదివాకే డబ్బాలు తెరవాలి. పెన్సిల్, విడి కాగితాలు వద్దు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయండి, చెరపకండి.

రోజుకు పది, ఐదు రోజులు, మొత్తం 50. ఊరికే ఊహిస్తే సగటున 10 వస్తాయి. 18 లేదా పైన వస్తే గెలుపని ఆయనతో కలిసి ముందే ఒప్పుకోండి. కేవలం అదృష్టంతో 18 లేదా పైన రావడం వెయ్యికి ఆరుసార్లు మాత్రమే. ఊరంటున్నట్టు ఎనిమిది కాదు, పదిట్లో ఐదే సరిగ్గా చెప్పగలిగినా ఆయనకు 18 లేదా పైన వచ్చే అవకాశం 98 శాతం. పదిట్లో నాలుగైతే 76 శాతం. అంటే ఈ హద్దు ఆయనకు అన్యాయం చేయదు. ఈ లెక్క కూడా ఆయనకు చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఎక్కువ పరీక్షలు పాడయ్యేది నాలుగో రోజున. అప్పటికి 40కి 12 వచ్చి ఉంటాయి, మీలో ఎవరో ఒకరు "ఇంకో ఇరవై పెడదాం, ఊపందుకున్నాడు" అంటారు. లేదా 40కి 15 రాగానే "ఇక చాలు, ఇక్కడే ఆపుదాం" అంటారు. రెండూ ఒకే తప్పు. లెక్క చూసుకుంటూ ఎప్పుడు ఆపాలో తేల్చుకుంటే పైన చెప్పిన వెయ్యికి ఆరు అన్న లెక్క చెల్లదు. అందుకే నోటు పుస్తకం చూసేవాళ్ళు మొత్తం మార్కులు ఐదోరోజు సాయంత్రం దాకా కూడకుండా ఉండటం మేలు. వాన వచ్చినా కరెంటు పోయినా ఏం చేయాలో కూడా రాసి ఉంచండి. సీలు చెదిరిన కవరును పక్కన పెట్టే నిర్ణయం ఆయన జవాబు చెప్పకముందే జరగాలి.

ఇవన్నీ రాసిన పత్రాన్ని మొదటి కవరు తెరవకముందే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్లో రిజిస్టర్ చేయండి. ఖర్చు లేదు, తేదీ, సమయం ముద్ర పడుతుంది, తర్వాత మార్చినా మొదటి ప్రతి అట్లాగే కనిపిస్తుంది. ఎడింబరో యూనివర్సిటీలోని కోస్ట్‌లర్ పారాసైకాలజీ యూనిట్ 2012 నుంచి ఈ రంగానికే ప్రత్యేకంగా రిజిస్ట్రీ నడిపింది. రివ్యూయర్ మొదట అడిగేది ఆ రిజిస్ట్రేషన్ నంబరే.

అంతకంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే అనుబంధ యూనివర్సిటీ కమిటీకి పెట్టుకోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలను బట్టి అంగీకార పత్రం తెలుగులో రాయండి. ఫలితం ఎటు వచ్చినా అచ్చవుతుందని, ఆయన పేరు, ఊరి పేరు పేపర్లో ఉండవని, ఐదు రోజుల కూలి ఫలితంతో సంబంధం లేకుండా ఇస్తామని అందులో స్పష్టంగా ఉండాలి. పిల్లలతో అంజనం చూపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని ఈ పరీక్షలోకి రానివ్వకండి. పరీక్ష జరిగే రోజుల్లో ఊళ్ళో నిజంగా పోయిన వస్తువుల గురించి ఎవరు అడిగినా చూడొద్దని ఆయన్ను కోరండి. ఒక మనిషి మీద దొంగతనం మాట పడితే ఆ గొడవకు మీ పరీక్ష సాక్ష్యమవుతుంది.

నోటు పుస్తకం ఫొటోలు, వీడియోలు అదే రోజు మూడుచోట్ల దాచండి, ఒక కాపీ ఊరికి రాని ఆ మొదటి మనిషి దగ్గర ఉండాలి. 1974లో రైన్ సంస్థలోనే డైరెక్టరుగా ఉన్న వాల్టర్ లెవీ జంతువుల ప్రయోగంలో యంత్రం లెక్కను తారుమారు చేస్తుండగా తోటి సిబ్బంది పట్టుకున్నారు. వాళ్ళు రహస్యంగా రెండో రికార్డు పెట్టబట్టే అది దొరికింది. రైన్ ఆ విషయాన్ని తన జర్నల్లోనే ప్రకటించారు. లండన్‌లో ఎస్.జి. సోల్ అనే గణితవేత్త 1940లలో చేసిన ప్రయోగాల అంకెల్లో అవకతవకలున్నాయని 1978లో బెట్టీ మార్క్‌విక్ చూపించారు. ఇదీ ఆ రంగం సొంత పత్రికలోనే వచ్చింది. ఈ రంగంలో రెండో కాపీ లేని సమాచారాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

అనంతపురం నుంచి పరిశోధక విద్యార్థి: నా ప్రయోగంలో ఏమీ తేలలేదు. అంతా అదృష్టం లెక్కకే వచ్చింది. ఏడాది పని వృథా అయినట్టేనా?

కాదు. పారాసైకలాజికల్ అసోసియేషన్ 1975లోనే, అనుకూల ఫలితాలను మాత్రమే అచ్చువేయడం తప్పని తీర్మానించింది. అదే కాలంలో యూరప్‌లో మార్టిన్ జాన్సన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయన నడిపిన యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ 1976 నుంచి 1992 దాకా, ప్రయోగం చేయకముందే ప్లాన్ చూసి అచ్చువేస్తామని మాటిచ్చేది. ఇప్పుడు పెద్ద పెద్ద జర్నళ్ళు రిజిస్టర్డ్ రిపోర్ట్ అని చేస్తున్నది ఇదే. ఆ పాత సంచికలను 2019లో వైజ్‌మన్, వాట్, కార్న్‌బ్రాట్ లెక్కపెడితే, ముందుగా నమోదు చేయని ప్రయోగాల్లో నూటికి 28 దాకా పరీక్షలు అనుకూలంగా వస్తే, నమోదు చేసినవాటిలో 8 మాత్రమే వచ్చాయి. మీరూ ముందే నమోదు చేసి ఉంటే మీ "ఏమీ తేలలేదు" ఆ రెండో వరుసకు చెందుతుంది, అక్కడే అంకెల కొరత ఎక్కువ.

ఒక్కటి సరిచూసుకోండి, ఏమీ లేదని చెప్పేంత ఊహలు మీ దగ్గర ఉన్నాయా? ఐదింట్లో ఒకటి అనే పరీక్షలో 20 శాతం బదులు 22 శాతం వచ్చే చిన్న తేడాను పట్టుకోవాలంటే సుమారు 2,500 ఊహలు కావాలి. గాంజ్‌ఫెల్డ్ (కళ్ళకూ చెవులకూ బయటి సంగతులు అందకుండా చేసి పెట్టే టెలిపతీ పరీక్ష) లాగా నాలుగింట్లో ఒకటి అనే పరీక్షలో 25 శాతం, 33 శాతం మధ్య తేడాకు 190 పైచిలుకు సెషన్లు కావాలి. మీరు చేసింది 40 సెషన్లయితే "లేదు" అని రాయకండి, "ఈ సంఖ్యతో చెప్పలేం" అని రాయండి.

ప్రొద్దుటూరు నుంచి పాఠకుడు: భవిష్యత్తు ముందే తెలుస్తుందని అమెరికా ప్రొఫెసర్ ఒకాయన పెద్ద సైకాలజీ జర్నల్లో రుజువు చేశారంట కదా. మరి ఇంకా అనుమానమెందుకు?

మీరంటున్నది డారిల్ బెమ్ 2011లో జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీలో వేసిన పేపర్. తొమ్మిది ప్రయోగాలు, వెయ్యిమందికి పైగా మనుషులు, ఎనిమిదింట్లో అనుకూల ఫలితం. అదే సంచికలో వాగన్‌మేకర్స్ బృందం, ఆ లెక్కలు చేసిన పద్ధతిలోనే లోపముందని రాసింది. తర్వాత రిచీ, వైజ్‌మన్, ఫ్రెంచ్ ముగ్గురూ ఒక ప్రయోగాన్ని మూడుచోట్ల మళ్ళీ చేస్తే ఏమీ రాలేదు. ఆ పేపర్‌ను అదే జర్నల్‌కు పంపితే, చేసిందే మళ్ళీ చేసినవి మేం వేయమని తిప్పి పంపారు. చివరికి 2012లో ప్లోస్ వన్ అనే ఇంకో జర్నల్ వేసింది. అదే ఏడాది గాలక్ బృందం ఏడు ప్రయోగాలు, మూడువేలకు పైగా మనుషులతో చేసి ఏమీ లేదని తేల్చితే, దాన్ని మాత్రం మొదటి జర్నలే అచ్చువేసింది.

ఇది పారాసైకాలజీ గొడవగా మిగలలేదు. ఇదే పద్ధతితో వచ్చిన మామూలు సైకాలజీ పేపర్ల మాటేమిటన్న ప్రశ్న లేచింది. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలను మళ్ళీ చేసి చూస్తే 36 శాతమే మళ్ళీ నిలిచాయి. మీరు పేపర్లో ఈ సాహిత్యం రాస్తే రెండు పక్షాలనూ రాయండి. 2018లో అమెరికన్ సైకాలజిస్ట్‌లో కార్డెన్యా ఆధారాలు బలంగా ఉన్నాయని రాశాడు, దానికి అదే జర్నల్లో రీబర్, ఆల్కాక్ గట్టి జవాబిచ్చారు. మొదటిదాన్ని చెప్పి రెండోదాన్ని వదిలేస్తే రివ్యూయర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

జమ్మలమడుగు నుంచి పాఠకురాలు: మా చుట్టాల పిల్లోడు నాలుగేళ్ళవాడు, పోయిన జన్మలో ఫలానా ఊర్లో ఉన్నానని చెప్తున్నాడు. ఈ ఆదివారం ఆ ఊరికి తీసుకుపోదామనుకుంటున్నాం. దీన్ని ఎవరికైనా రాసి పంపొచ్చా?

ఆదివారం పోవద్దు. పోయిన తర్వాత రాసేదానికి పరిశోధనగా విలువ దాదాపు ఉండదు. అమెరికాలో ఇయాన్ స్టీవెన్సన్, బెంగళూరు నిమ్హాన్స్‌లో సత్వంత్ పస్రిచా అనే పరిశోధకులు ఇట్లాంటివి చాలా నమోదు చేశారు. వాటిలో గట్టిగా నిలిచేవి, రెండు కుటుంబాలు కలవకముందే పిల్లాడి మాటలు రాసిపెట్టినవే. అట్లాంటివి అరుదు. ఒకసారి కలిశాక ఆ ఇంటివాళ్ళు చెప్పినవి, పిల్లాడు చెప్పినవి కలిసిపోతాయి. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, జ్ఞాపకమే అట్లా చేస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇంతే. పిల్లాణ్ణి అడగకండి, తనంతట తను చెప్పినప్పుడు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు, యాస మార్చకుండా రాసి, తేదీ, టైము, విన్నవాళ్ళ సంతకాలు పెట్టండి. "అక్కడ మీ ఇల్లు పెద్దదేనా?" అని అడిగితే ఆ ఇల్లు మీరు కట్టినట్టే. ఆ ఊరితో మీకున్న చుట్టరికాలు, పెళ్ళిళ్ళు, అంగళ్ళు అన్నీ రాయండి, ఆ దారిన మాట వచ్చి ఉండొచ్చు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఏదైనా సైకాలజీ శాఖకు ఈమెయిల్ చేయండి, తేదీ పడుతుంది. సరిచూసేది ఇంట్లోవాళ్ళు కాని మనిషి కావాలి. పిల్లాడి ఫొటో, పేరు ఎక్కడా బయట పెట్టకండి, వాడు పెద్దయ్యాక దాన్ని మోయాల్సింది వాడే.

ధర్మవరం నుంచి రిటైర్డ్ ఉద్యోగి: పుట్టపర్తిలో సాయిబాబా మహిమలు కళ్ళారా చూసినవాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళ మాటలు సేకరిస్తే పేపర్ కాదా?

అవుతుంది, ఆ పేపర్ ఏం చెప్పగలదో ముందు తెలుసుకోవాలి. ఐస్‌లాండ్ సైకాలజీ ప్రొఫెసర్ ఎర్లెండుర్ హరాల్డ్‌సన్, కార్లిస్ ఓసిస్ 1970లలో అక్కడికొచ్చి, తాము చూసినవి, సాక్షులు చెప్పినవి రాసి 1977లో అమెరికన్ సొసైటీ ఫర్ సైకికల్ రిసెర్చ్ జర్నల్లో వేశారు. నియంత్రిత ప్రయోగానికి సాయిబాబా ఒప్పుకోలేదని కూడా రాశారు. అందుకే వాళ్ళు సాక్ష్యం దగ్గరే ఆగారు, రుజువని అనలేదు. మీరూ అట్లాగే ఆగాలి. ఒక్కొక్కరినీ విడిగా కలవండి, గుంపులో వద్దు. చూసి ఎన్నేళ్ళయింది, ఎంత దూరంలో నిలబడ్డారు, అప్పుడే ఎక్కడైనా రాసుకున్నారా అని అడగండి. ఆనాటి ఉత్తరం, డైరీ దొరికితే నలభై ఏళ్ళ తర్వాతి జ్ఞాపకం కంటే అది పదింతలు విలువ.

మైదుకూరు నుంచి: బ్రహ్మంగారి కాలజ్ఞానం నిజమైన సంగతుల మీద రాయొచ్చా?

ప్రయోగంగా కాదు, పాఠ పరిశోధనగా రాయొచ్చు. జరిగిందంటున్న సంగతి ఏ పాఠంలో ఉంది, ఆ ప్రతి సంఘటనకు ముందుదా తర్వాతదా అన్నదే ప్రాణం. ఇప్పుడు అంగట్లో దొరికే అచ్చు పుస్తకంలో ఉందన్నది ఆధారం కాదు. తాటాకు ప్రతులు, పాత ముద్రణలు పక్కపక్కన పెట్టి ఏ చరణం ఎప్పుడు చేరిందో చూడాలి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నుంచి మొదలుపెట్టండి. తర్వాత ఒక పని చేయొచ్చు: సంఘటనలకు పోలుస్తున్న చరణాలు పది, ఎవరూ దేనికీ పోల్చని చరణాలు పది కలిపి, విషయం తెలియని చదువరులకిచ్చి, ఏది ఏ సంఘటనకు సరిపోతుందో గుర్తు పెట్టమనండి. రెండు రకాలకూ ఒకే రకంగా పోలికలు దొరికితే అది కూడా మంచి ఫలితమే. దీన్ని జానపద, మత చరిత్ర జర్నళ్ళకు పంపండి.

కర్నూలు నుంచి పరిశోధక విద్యార్థి: రూ. 3,500 కడితే వారంలో వేస్తామని, ఐఎస్ఎస్ఎన్ ఉందని వాట్సాప్‌లో ఒక జర్నల్ వాళ్ళు అడుగుతున్నారు. వేయించుకోవచ్చా?

వద్దు. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికకు ఒక నంబరు, అంతే, నాణ్యతకు ముద్ర కాదు. వారంలో పీర్ రివ్యూ జరగదు, ఇద్దరు రివ్యూయర్లు దొరకడానికే నెల పడుతుంది. యూజీసీ కేర్ (నమ్మదగ్గ జర్నళ్ళని యూజీసీ పెట్టిన) జాబితాలో ఉందని చెప్తే, ఆ జాబితానే 2025 ఫిబ్రవరిలో యూజీసీ తీసేసిందని చెప్పండి. ఇప్పుడు ఎంచుకునే బాధ్యత మీదీ, మీ యూనివర్సిటీదీ. స్కోపస్, డీఓఏజే అనే జర్నళ్ళ జాబితాల్లో మీరే వెతకండి, వాళ్ళు పంపిన లింకు నొక్కి చూడకండి. అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. ఇంకో సంగతి, 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే తొందరపడండి. ఒకసారి అచ్చయిన పేపర్‌ను మంచి జర్నల్ మళ్ళీ తీసుకోదు, మీ సమాచారం అక్కడే సమాధి.

కడప నుంచే మరొకరు: ఇంగ్లీషులోనే రాయాలా? రివ్యూయర్ల ప్రశ్నలకు జవాబు ఎట్లా ఇవ్వాలి?

పేపర్ ఇంగ్లీషులోనే. అయితే మీరు అడిగిన ప్రశ్నలు, సాక్షుల మాటలు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు అనుబంధంలో పెట్టండి. "పూనకం", "సోది", "దిష్టి" లాంటివి అనువదించకుండా ఉంచి ఒకసారి వివరించండి, పూనకాన్ని జబ్బు పేరుతో రాస్తే అర్థమే మారిపోతుంది. ప్రశ్నావళిని ఒకరు ఇంగ్లీషులోకి, ఇంకొకరు దాన్ని చూడకుండా మళ్ళీ తెలుగులోకి మార్చి, తేడా ఉన్న వాక్యాలు సరిచేయండి.

రివ్యూయర్ రాసిన ప్రతి వాక్యానికీ నంబరు వేసి, కింద మీ జవాబు, పేపర్లో మార్చిన పేజీ, వరుస రాయండి. ఈ రంగంలో నాలుగు ప్రశ్నలు తప్పవు: యాదృచ్ఛిక జాబితా ఎట్లా తీశారు, కనిపించో వినిపించో సమాచారం లీకయ్యే దారి ఏది, ఎన్ని పరీక్షలు చేసి ఎన్ని చెప్తున్నారు, ఎప్పుడు ఆపారు. మూడోదానికి నిజం చెప్పండి. ఇరవై వేర్వేరు లెక్కలు చేస్తే, అసలు ఏమీ లేకున్నా ఒక్కటైనా 0.05 కింద (ఊరికే రావడం నూటికి ఐదుసార్ల లోపే అన్న హద్దు కింద) పడటానికి 64 శాతం అవకాశం ఉంది, ఆ సంగతి రివ్యూయర్‌కు బాగా తెలుసు. మీరు ముందుగా నమోదు చేసిన లెక్క ఒకచోట, తర్వాత చూసుకున్నవి "అన్వేషణ" అన్న శీర్షిక కింద ఇంకోచోట పెట్టండి. జరిగిన పొరపాటుకు సాకు వెతకొద్దు. "ఆరో రోజు మూడు కవర్ల సీలు చెదిరింది, ఆ మూడూ తీసేసి లెక్కచేస్తే ఇంత, ఉంచి లెక్కచేస్తే ఇంత" అని రెండు అంకెలూ పక్కపక్కన ఇవ్వండి.